అప్‌డేట్: తెలుగు నోట్స్ స్క్రీన్ రీడర్ చదవకపోవడం గురించి

మా డిగ్రీ కాలేజీలో చూపులేని విద్యార్థి ఒకతను, ఆన్‌లైన్‌లో పెట్టిన హిస్టరీ నోట్స్ ఎన్‌వీడీఏలో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్) వినలేకపోతున్నాడు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. మీలో ఒకరు అనుమానించిందే నిజం. అవి పాత డీటీపీ (అచ్చు పనికి కంప్యూటర్‌లో చేసే టైపింగ్) ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లు, కంటికి తెలుగే కానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు, ఇక స్క్రీన్ రీడర్ మాత్రం పాపం ఏం చదువుతుంది! కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాలకు తెలుగు కోడ్‌లే ఉండే పద్ధతిలోకి మార్చాం, చెదిరిన ఒత్తులు చేత్తో దిద్దాం. స్కాన్ పీడీఎఫ్‌లను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వచ్చేశాయి, పట్టికలు విడిగా టైప్ చేసుకున్నాం. శీర్షికలకు ఉత్త బోల్డ్ కాకుండా హెడింగ్ స్టైల్ పెట్టాక, కీబోర్డు మీద హెచ్ నొక్కుతూ ఒక్కో శీర్షికా దాటుకుంటూ కావాల్సిన పాఠానికి తనే వెళ్లిపోతున్నాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చూపించాక ఆఫీసువాళ్లూ కదిలారు. మ్యాపులకు వివరణలు రాయడం మిగిలింది, అది హిస్టరీ మేడమ్ చేస్తానన్నారు.