పాత ఫోల్డింగ్ కెమెరాకి కొత్త బెలోస్ వేయించడం తప్పా?

బెజవాడ120:
1950ల నాటి జర్మన్ ఫోల్డర్ (మడతపెట్టే కెమెరా) ఒకటి దొరికింది. ఫోటో సైజు 6×6 సెం.మీ., రోలుకి 12 ఫోటోలు. లెన్సు అద్దంలా ఉంది, బెలోస్ (లెన్సుకీ ఫిల్ముకీ మధ్య వెలుతురు చొరకుండా ఉండే మడతల తిత్తి) మాత్రం జల్లెడ. రాత్రి లైట్లన్నీ ఆర్పి లోపల టార్చి పెట్టి చూశాను. మడతల మూలల్లో 17 చిల్లులు లెక్కపెట్టాక విసుగొచ్చి ఆపేశాను. కొత్తది వేయిద్దామంటే, కెమెరాలు పోగేసే మిత్రుడు "ఒరిజినల్ పీకేస్తే ఇక విలువేముందిరా" అంటున్నాడు. మీరేమంటారు?

పాత_అద్దం:
నాదీ ఆయన మాటే. నా దగ్గర 14 ఉన్నాయి, ఒక్కదానికీ రిపేరు చేయించలేదు. ఫోటోలు కావాలంటే ఫోను ఉంది కదా. డెబ్భై ఏళ్ల వస్తువు ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి. చిల్లులంటారా, నల్ల రంగు పూస్తే సరి.

రోల్‌ఫిల్మ్_రాజు:
దయచేసి రంగు పూయకండి. నా 6×9 ఫోల్డర్‌కి రెండు పూతలు పూశాను. బెలోస్ అట్టలా బిగుసుకుపోయింది, మూత పడలేదు. బలవంతంగా నొక్కితే లెన్సుని నిలబెట్టే కాడ ఒకటి వంగింది. ఇప్పుడు ఫోటోలో ఎడమవైపు స్పష్టం, కుడివైపు మసక.

ఇంకోటి. మీది ఏ కంపెనీదో చెప్పలేదు, అసలు తేడా అక్కడే ఉంది. జైస్ ఐకాన్ 1934లో తెచ్చిన సూపర్ ఐకాంటా బెలోస్ తోలుది, ఈనాటికీ వెలుతురు చొరనివి చాలానే ఉన్నాయి. దాన్ని పీకుతానంటే నేనే అడ్డుపడతాను. యుద్ధం తర్వాతి ఆగ్ఫా ఐసోలెట్‌లకి వేసింది ప్లాస్టిక్ బాపతు. మూలలు చిల్లులు పడటం దాని జాతకంలోనే ఉంది. దాన్ని మార్చడం సైకిల్ ట్యూబు మార్చడం లాంటిదే.

పాత_అద్దం:
ట్యూబు బయటికి కనపడదు రాజు గారూ. ఫోల్డర్ తెరవగానే ముందు కనపడేదే బెలోస్. సరే, రంగు సంగతి ఒప్పుకుంటున్నా. నేను పూసిన రెండింట్లో ఒకటి మూత పడట్లేదు.

రోల్‌ఫిల్మ్_రాజు:
ఒక్కదానికీ రిపేరు చేయలేదన్నారు!

విశాఖ_ఫోల్డర్:
మాది సముద్రం పక్కన ఇల్లు. బీరువాలో భద్రంగా దాచినవాటికే ఫంగస్ పట్టింది. నెలకోసారి బయటికి తీసి షట్టర్ కొట్టినవి బాగున్నాయి. షట్టర్ కూడా అంతే, వాడకపోతే ముందు ఒక సెకను స్పీడు మొరాయిస్తుంది. పైగా 1901లో కొడాక్ తెచ్చిన 120 సైజు ఫిల్ము రోలు ఇప్పటికీ దొరుకుతోంది. ఫిల్మే రాని 116 సైజు కెమెరా అయితే అద్దాల అల్మారాలో పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

ఆగ్ఫా అయితే బెలోస్ కంటే ముందు ఫోకస్ రింగు చూడండి అన్నా. లోపలి గ్రీజు పచ్చగా మారి బంకలా గట్టిపడుతుంది. ముందు అద్దం రెండో అద్దానికి అతుక్కుని రెండూ కలిసి తిరుగుతాయి. రింగు తిరుగుతోంది కదా అనుకుంటాం, ఫోకస్ మాత్రం మారదు.

బెజవాడ120 (మూడు వారాల తర్వాత):
తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే రెండూ కలిసే తిరుగుతున్నాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, లైటర్ ఫ్లూయిడ్ చుక్కలు వేస్తూ రెండు రోజులు కూర్చుంటే విడిపోయాయి. బెలోస్ కొత్తది వేయించాను. కెమెరా కొన్న డబ్బుకంటే దానికే ఎక్కువైంది, ఇంట్లో చెప్పలేదు. మొదటి రోలు కడిగిస్తే ఎక్కడా వెలుతురు మరక లేదు. కానీ మూడు ఫ్రేములు మసక. దూరం టేపుతో కొలిచి మరీ పెట్టాను.

రోల్‌ఫిల్మ్_రాజు:
ఫిల్ము తిప్పాక కెమెరా తెరిచారా?

బెజవాడ120:
అవును. బటన్ నొక్కితే టక్కున తెరుచుకుంటుంది.

రోల్‌ఫిల్మ్_రాజు:
అదే మరి. బెలోస్ ఒక్కసారిగా సాగితే గాలిని లాగుతుంది, దాంతో ఫిల్ము ముందుకి ఉబుకుతుంది. మూత చేత్తో పట్టుకుని మెల్లగా తెరవండి. తెరిచాకే ఫిల్ము తిప్పండి.

బెజవాడ120:
ఆ మూడూ మా మేనకోడలివే. మళ్లీ బతిమాలి కూర్చోబెట్టాలి.

పాత_అద్దం:
పాత బెలోస్ పారేయలేదు కదా?

బెజవాడ120:
లేదండి, కవర్లో పెట్టి కెమెరా కేసులోనే ఉంచాను.