అంతియోకుడి చుట్టూ ఉన్నవాళ్ళు "సామంతులా"?

గుత్తివాసి: మా తెలుగు మాస్టారు అశోకుడి రెండో శిలాశాసనం చెప్తూ "యోనరాజు అంతియోకుడు, అతని సామంత రాజులు" అనేవారు. యోన అంటే గ్రీకు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. కానీ పదమూడో శాసనంలో ఉన్న మిగతా గ్రీకు రాజుల పేర్లు తురమాయ, అంతికిని, మక, అలికసుదర. వీళ్ళలో అంతియోకుడికి కప్పం కట్టినవాడు ఒక్కడూ లేడు. అసలు శిలమీద ఏముంది?

పాతలిపి: ఉత్తరాఖండ్‌లోని కాల్సీ రాయిమీద "అంతియోగసా సామంతా లాజానో". గుజరాత్‌లోని గిర్నార్‌లో "అంతియకస సామీపం రాజానో". గిర్నార్ శిల్పే అర్థం విప్పి చెప్పాడు, పొరుగు రాజులని. సామంతుడంటే లోబడినవాడనే అర్థం శతాబ్దాల తర్వాతిది. అర్థశాస్త్రంలో హద్దు తగాదాలు తేల్చే ఇరుగుపొరుగు కూడా సామంతులే. మాస్టారు మన అర్థం పట్టుకెళ్ళి ఆ రాయిమీద పెట్టారు.

గుత్తివాసి: మాస్టారిది తప్పంటే మనసొప్పడం లేదు గానీ, సరే. మరి "సామీపం"లో ఆ దీర్ఘం ఏమిటండీ? సమీపం కదా?

పాతలిపి: సామీప్యంలో లేదూ, అలాంటిదే.

నదీతీరం: నా లెక్క వేరు. పాటలీపుత్రం నుంచి వచ్చిన ప్రతిలో "సామంతా" ఉంది. గిర్నార్ లేఖకుడు "సా" రాసేశాక, ఇక్కడివాళ్ళకిది అర్థం కాదని "మీపం"కి మళ్ళాడు. చెక్కిన దీర్ఘాన్ని చెరపలేక వదిలేశాడు.

పాతలిపి: అక్కా, ముందు సుద్దతో గీసుకోకుండా రాయిమీద ఉలి పెడతారా?

నదీతీరం: గీసుకున్నా చేయి పాత మాటకే పోతుంది తమ్ముడూ. తురమాయనే చూడు, ఈజిప్టు రాజు టోలెమీ. గ్రీకులో టోలెమాయోస్, అక్కడ ఉన్నది ల. కాల్సీలో తులమయ, సరిగ్గా ఉంది. తూర్పు యాసలో రాజా లాజా అవుతుంది కాబట్టి, పడమటి లేఖకులు ప్రతిలో కనిపించిన ల-నల్లా ర-గా దిద్దుకుంటూ పోయి, దిద్దక్కర్లేని టోలెమీనీ దిద్దేశారు. తురమాయ పుట్టింది అలాగే!

సీమపలుకు: పరాయి పేరు మన నోట్లో పడితే అంతే. శ్రీనాథుడి "హురుమంజి బలుతేజి హరులు" గుర్తొచ్చింది. హోర్ముజ్ రేవు హురుమంజి అయిపోయింది, ఆ నడకకి ఇంకో పేరు పెట్టినా అతకదు. పంజార, జలనోంగి, యాంప అంటూ రేవుల పేర్లతోనే సీసం నడిపించగలవాడు ఇంకెవరున్నారు?

గుత్తివాసి: ఆ పద్యం నాకూ ప్రాణమేనండీ. కానీ నా సామంతులు ఏమయ్యారు?

రేపల్లె: చరిత్ర వైపునుంచి ఒక మాట. ఈ అంతియోకుడు సిరియా ఏలిన రెండో అంతియోకుడు, క్రీ.పూ. 261లో గద్దెనెక్కాడు. మిలేటస్ అనే గ్రీకు నగరాన్ని తిమార్కుస్ అనే నియంత నుంచి విడిపిస్తే ఆ ఊరివాళ్ళు "థియోస్", అంటే దేవుడు, అన్నారు. తురమాయతో యుద్ధం ముగిశాక 252లో అతని కూతురు బెరెనికేని చేసుకుని, మొదటి భార్య లవొదికేని పక్కన పెట్టాడు. 246లో ఎఫెసుస్‌లో చనిపోతే లవొదికేయే విషం పెట్టిందన్నారు. మక అంటే ఉత్తర ఆఫ్రికాలోని సిరీన్ రాజు మాగస్, ఇతనికి స్వయానా బావ, అప్ప ఆపమ మొగుడు. ఒకడు మామ, ఒకడు బావ. వీళ్ళని సామంతులనడం కంటే చుట్టాలనడం నయం.

నదీతీరం: అయితే "సామీపం" చుట్టరికమే అందామా!

పాతలిపి: వద్దు. రెండో శాసనంలో సంగతి మనుషులకీ పశువులకీ వైద్యం, మూలికలు, బావులు. అక్కడ ఎవరెక్కడ ఉన్నారన్నదే కావాలి, ఎవరెవరికి ఏమవుతారన్నది కాదు. పదమూడులోనూ ఆరు వందల యోజనాల దూరమని కొలిచి చెప్పాడు, అతనికి అవతల నలుగురు రాజులన్నాడు. అదే శాసనంలో ఆంధ్రులూ ఉన్నారు, వాళ్ళు మాత్రం అశోకుడి ఏలుబడిలోవాళ్ళు. నేటి అర్థంలో సామంతులని ఎవరినైనా అనాలంటే ముందు మనల్నే అనాలి.

సీమపలుకు: అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి మాకు దగ్గరే. ఎండ నడినెత్తికొస్తే అక్షరం ఒక్కటీ కనిపించదు, పొద్దున్నే ఏటవాలు వెలుగులో గీతలు నీడపట్టి పైకి తేలతాయి. అక్కడా "లాజా"యే, ర లేదు. చూపుడువేలు ఆ ల పక్కన పెట్టి చూశాను, రాయిని తాకలేదు లెండి.

గుత్తివాసి: గిర్నార్ "సామీపం" దగ్గరనుంచి తీసిన ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. ఆ సా దీర్ఘం గీత ముందు చెక్కిందో, తర్వాత కలిపిందో నా కళ్ళతో చూసుకోవాలి.