రిమాండులో ఉన్నవాణ్ణి ‘ఖైదీ’ అనొచ్చా?

గోదారిగట్టు:
మా బావ ఒక గట్టు తగాదా కేసులో 41 రోజులు జైల్లో రిమాండులో ఉన్నాడు. నాలుగేళ్లకి కేసు కొట్టేశారు. అరెస్టయిన మర్నాడు ఒక పేపరు జిల్లా పేజీలో ‘ఇద్దరికి జైలు’ అని హెడ్డింగ్ వచ్చింది. ఆ కటింగు ఇప్పటికీ ఊళ్లో ఎవరో ఒకరి ఫోన్లో ఉంటుంది. మొన్న మేనకోడలికి సంబంధం వస్తే, అవతలివాళ్లు కాఫీ కూడా తాగకముందే అడిగారు, “ఆయనకి ఎన్నాళ్ల శిక్ష పడిందండీ?” అని. పడలేదంటే, “మరి జైల్లో ఉన్నారటగా” అన్నారు. తీర్పు రాని మనిషిని ఖైదీ అనడమే తప్పని నా వాదన. మీరేమంటారు?

డెస్క్‌మనిషి:
పన్నెండేళ్లుగా సబ్ ఎడిటర్‌ని. ఖైదీ అనడంలో తప్పులేదు. ఖైదు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, బంధించడమని అర్థం. అందులో నేరం ఊసే లేదు. ‘విచారణ ఖైదీ’ అని ప్రభుత్వమే రాస్తుంది. దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది వాళ్లే. అయితే ‘ఇద్దరికి జైలు’ హెడ్డింగ్ మాత్రం తప్పే. అది శిక్ష పడినప్పుడు పెట్టేది. ‘ఇద్దరికి రిమాండ్’ అంటే పోయేదేముంది, ఒక్క అక్షరం ఎక్కువ.

నల్లకోటు:
చట్టం గోదారిగట్టు గారి వైపే ఉంది, సగం. భారతీయ న్యాయ సంహిత 4వ సెక్షన్‌లో (పాత ఐపీసీ 53) శిక్షలేవో వరసగా ఉంటాయి. మరణశిక్ష, యావజ్జీవం, కఠిన కారాగారం, సాధారణ కారాగారం, జరిమానా, అలా. రిమాండ్ అందులో లేదు. కానీ సెట్ ఆఫ్ అని ఒకటుంది. పాత సీఆర్‌పీసీలో (నేర విచారణ పద్ధతి చట్టం) 428వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 468. ఆర్నెల్లు రిమాండులో ఉన్నవాడికి రెండేళ్ల జైలు పడితే, మిగిలేది ఏడాదిన్నరే. అంటే నిన్నటిదాకా శిక్ష కానిది తీర్పు రోజున శిక్షలో జమ అవుతుంది.

గోదారిగట్టు:
మరి మా బావ 41 రోజులు ఎందులో జమ అయినట్టు సార్?

నల్లకోటు:
ఎందులోనూ కాలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పాతనిఘంటువు:
మీరంతా ఖైదు దగ్గరే ఆగిపోయారు. మన పాత మాట చెర. రావణుడు సీతని చెరబట్టాడంటాం, ఆవిడ చేసిన నేరమేంటి? సరదాగా జైలుని ‘శ్రీకృష్ణ జన్మస్థానం’ అంటాం. అక్కడ దేవకీ వసుదేవులది ఏ తప్పూ లేదు, పుట్టినవాడిది అసలే లేదు. గోల్కొండలో రామదాసు బందీఖానా చూపిస్తే ఎవరైనా దణ్ణం పెట్టుకుంటారుగానీ దొంగని అనరు. తంటా అంతా ‘శిక్ష’తోనే. సంస్కృతంలో అది చదువు. మనకేమో దండన అయింది, చదువుకి ‘శిక్షణ’ మిగిలింది. ‘సమగ్ర శిక్ష’ బోర్డు చూసి మా మనవడు స్కూలు మానేస్తానన్నాడు!

కొత్తసభ్యుడు:
చిన్న డౌటు. యావజ్జీవం అంటే 14 ఏళ్లేగా?

నల్లకోటు:
కాదు తమ్ముడూ. బతికున్నంత కాలం అని 1961లోనే గోపాల్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 14 అనేది పాత సీఆర్‌పీసీలో 1978లో చేర్చిన 433ఎ సెక్షన్ నుంచి వచ్చింది. మరణశిక్షకి కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలాలన్నా కనీసం 14 ఏళ్లు లోపల ఉండాలని. ఆ తర్వాత వదిలి తీరాలని ఎక్కడా లేదు.

డెస్క్‌మనిషి:
అసలు విషయానికి వస్తే, ఖైదీ బదులు ‘నిర్బంధంలో ఉన్న వ్యక్తి’ అని రాయమంటారా? గృహనిర్బంధం అనుకుంటారు జనం.

గోదారిగట్టు:
లోపల తేడా వాళ్లకి తెలుసండీ. శిక్ష పడ్డవాళ్లకి తెల్లబట్టలు, రిమాండువాళ్లకి సొంత బట్టలు. మా అక్క ములాఖత్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇస్త్రీ చేసిన గళ్ల చొక్కా పట్టుకెళ్లేది. ఎందుకే, అక్కడెవరు చూస్తారంటే, “అందుకే” అనేది. పాతనిఘంటువు గారి మాటతో నా వాదన కొంచెం మార్చుకుంటున్నా. ఖైదీ అంటే అనండి, శిక్ష అనకండి. ఇంతకీ ఆ సంబంధంవాళ్లకి ఏం చెప్పమంటారు?

నల్లకోటు:
‘కేసు కొట్టేశారు’ అని చెప్పకండి. సాంకేతిక కారణంతో పోయిందేమో అనుకుంటారు. విచారణ జరిగి తీర్పు వచ్చిందా?

గోదారిగట్టు:
వచ్చింది సార్. సాక్షుల్ని కూడా విచారించారు.

నల్లకోటు:
అయితే అది కొట్టివేత కాదు, నిర్దోషిగా విడుదల. మీరూ ఇన్నాళ్లుగా తప్పు మాటే వాడుతున్నారన్నమాట. కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. చివరి పేజీ చూపిస్తే చాలు.