సూపర్‌సిమెట్రీ గట్‌ల మీద ఇప్పుడు పీహెచ్‌డీ చేయొచ్చా?

తార్నాక_ఎమ్మెస్సీ: ఎమ్మెస్సీ అయిపోవస్తోంది. విద్యుదయస్కాంత, బలహీన, బలమైన శక్తులు మూడూ విశ్వం మొదట్లో ఒకటేనని చెప్పే ఈ గట్ (గ్రాండ్ యూనిఫైడ్ థియరీ) సిద్ధాంతాల మీద, అందులోనూ ప్రతి కణానికీ ఒక జోడీ "సూపర్ కణం" ఉంటుందనే సూపర్‌సిమెట్రీ రకం మీద మనసు పడింది. సీనియర్లేమో "అది ఎప్పుడో చచ్చిపోయిన సబ్జెక్ట్" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

నల్లగండ్ల_వాసి: సీనియర్లు చెప్పింది నిజమే తమ్ముడూ. కణాలను ఢీకొట్టించే సెర్న్ యంత్రం ఎల్‌హెచ్‌సీలో గ్లూయినో అనే సూపర్ కణం కోసం 2 టీఈవీ (కణాల బరువు, శక్తి, వేడి కొలిచే యూనిట్, 1 టీఈవీ అంటే 1000 జీఈవీ) పైదాకా వెతికారు, లేదు. కృష్ణ పదార్థం (కంటికి కనబడకుండా గురుత్వాకర్షణతోనే తెలిసే పదార్థం) న్యూట్రలినో అనే సూపర్ కణమే అన్నారు, భూగర్భ డిటెక్టర్లలో అదీ పడలేదు. దొరకని ప్రతిసారీ "ఇంకా బరువుంటుందేమో" అని గీత పైకి జరుపుతున్నారు. నీ అయిదేళ్లు దానికి పెట్టకు.

మల్కాజిగిరి_అన్న: నేను ఒప్పుకోను. 1974లో జార్జి, గ్లాషో చెప్పిన మామూలు (సూపర్‌సిమెట్రీ లేని) గట్ మోడల్ ఎస్‌యూ(5)ని ప్రోటాన్ క్షయం (ప్రోటాన్ తనంతట తానే విచ్ఛిన్నం కావడం) కనబడకపోవడమే దెబ్బతీసింది, అంటే ఇవి పరీక్షించి తేల్చగలిగే సిద్ధాంతాలే కదా. మూడు శక్తుల బలాలూ సూపర్ కణాలను కలుపుకుంటేనే 2×10¹⁶ జీఈవీ దగ్గర చక్కగా కలుస్తాయని 1991లో సెర్న్‌లో ఎల్‌హెచ్‌సీకి ముందున్న ఎల్‌ఈపీ యంత్రం కొలతలతో తేలింది, అది ఇవాళ్టికీ అలాగే ఉంది. ఇక విశ్వం సంగతి. గట్‌లు నిజమైతే ఒకే ధ్రువం ఉన్న అయస్కాంత కణాలు లెక్కలేనన్ని పుట్టి ఉండాలి, మరి అవెక్కడ అన్న ప్రశ్నతో కుస్తీపడుతూనే ఆలన్ గూత్, విశ్వం ఒక్కసారిగా విపరీతంగా ఉబ్బి అవి పలచబడిపోయాయనే ఇన్‌ఫ్లేషన్ దగ్గరికి వచ్చాడు. ఆ ఇన్‌ఫ్లేషన్ తర్వాత విశ్వం మరీ వేడెక్కితే గ్రావిటినోలు (గురుత్వాకర్షణ కణం గ్రావిటాన్‌కి జోడీ సూపర్ కణాలు) ఎక్కువైపోయి, అవి విచ్ఛిన్నమయ్యేటప్పుడు అప్పటికే తయారైన డ్యుటీరియం, హీలియం కేంద్రకాలను పగలగొట్టేస్తాయి, కాబట్టి వేడి తక్కువుండాలి. కానీ బరువైన న్యూట్రినోల వల్లే ప్రతిపదార్థం పోయి పదార్థం మిగిలిందనే లెప్టోజెనెసిస్‌కి దాదాపు 10⁹ జీఈవీ వేడి కావాలి. ఈ రెండింటికీ పొసగడం కష్టం. తమ్ముడూ, నీ థీసిస్ అక్కడుంది!

నల్లగండ్ల_వాసి: అన్నా, సూపర్ కణాలు టీఈవీ దగ్గరుండే సింపుల్ మోడల్ ప్రకారం ప్రోటాన్ ఈపాటికి కేయాన్ అనే కణంగా మారుతూ కనబడాలి. జపాన్‌లోని సూపర్-కామియోకాండే డిటెక్టర్ 50,000 టన్నుల నీళ్లు పెట్టుకుని చూస్తే ఒక్కటీ లేదు, ఈ దారిలో ప్రోటాన్ ఆయుష్షు 5.9×10³³ ఏళ్లకు పైనే అని తేల్చారు.

మల్కాజిగిరి_అన్న: కరెక్టే, కానీ ఆ కేయాన్ నీళ్లలో వెలుగు పుట్టించేంత వేగంగా పోదు, అది చనిపోయాక వచ్చే మ్యూయాన్ అనే కణాన్ని పట్టుకుని వెనక్కి లెక్క కట్టాలి. చైనాలో 2025లో మొదలైన జూనో డిటెక్టర్‌లో 20,000 టన్నుల సింటిలేటర్ (కణం దూసుకుపోతే మెరిసే) ద్రవం ఉంది, అందులో కేయాన్ మెరుపు, సుమారు 12 నానోసెకన్ల తర్వాత మ్యూయాన్ మెరుపు, రెండూ విడివిడిగా చూడొచ్చు. మన పక్కనే కోలార్ గనుల్లో 2 కిలోమీటర్ల లోతున 1980లలో ఇదే ప్రోటాన్ కోసం 140 టన్నుల డిటెక్టర్ పెట్టి కాచుకున్నారు. వాళ్ల ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు, మనం ఎందుకు వదిలేయాలి?

నల్లగండ్ల_వాసి: సరే, జూనో డేటా వచ్చేదాకా చూద్దాం. కానీ ఏ సంఖ్య దాటితే ఈ మోడల్ పోయినట్టో తమ్ముడు థీసిస్ మొదటి చాప్టర్‌లోనే రాసిపెట్టాలి, తర్వాత మార్చకూడదు.

తార్నాక_ఎమ్మెస్సీ: రాస్తాను అన్నా. గ్రావిటినో లెక్కతోనే మొదలుపెడతా.