తాకితేనో? తాకబోతేనా?

విజయనగరం: అందరికీ నమస్కారం. 96లో కోట దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టర్బో సీ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను, అక్కడి మాస్టారు సీరియల్ పోర్టు రింగ్ బఫర్ మీద పాట కట్టి చెప్పీవారు. రింగ్ బఫర్ అంటే వచ్చిన అక్షరాలు దాచుకునే గదుల వరస, చివరికెళ్తే మళ్లీ మొదటికొస్తాది; పాటలో తొట్టి అదే, కొత్త అక్షరం పెట్టే గది తల, పాతది తీసే గది తోక. రెండు వారాలై నోట్లోనే ఆడతాంది గానీ ఒక్క దగ్గర ఆగిపోతన్నాను.

తోక తలనీ తాకితేనో
తొట్టి ఖాళీ
తలే తోకని తాకబోతే
తొట్టి నిండూ

మూడో పాదంలో తాకబోతేనా, అక్కడా తాకితేనో అనే అనీవారా? అప్పట్లో నా పక్క సిస్టం మీద కూచున్న ఫ్రెండు తాకితేనో అంటాడు.

ఆమదాలవలస: తాకబోతే. రెండుచోట్లా తాకితేనో అంటే తలా తోకా ఒకే గదిలో ఉంటాయి, అది ఖాళీయో నిండో ఏటని తెలుస్తాది? అందుకే 256 గదులున్నా 255 అక్షరాలకే నిండిందనుకోవాలి. ఆ వదిలేసిన గదే "బో".

బొబ్బిలి: ఎన్ని పడ్డాయో లెక్క వేరే వేరియబుల్లో పెట్టుకుంటే 256 గదులూ వాడుకోవచ్చు, అప్పుడు తాకితేనో కూడా ఒప్పే. మాస్టారు లెక్క పెట్టీవారా లేదా అది గుర్తు తెచ్చుకోండి ముందు.

ఆమదాలవలస: లెక్క పెడితే దాన్ని ఇంటరప్ట్ రొటీన్ (అక్షరం రాగానే మెయిన్ ప్రోగ్రాంని ఆపి మధ్యలో దూరే ముక్క) పెంచుతాది, మెయిన్ ప్రోగ్రాం తగ్గిస్తాది, ఇద్దరి చెయ్యీ ఒకే గల్లాపెట్టెలో. లెక్క లేకపోతే తల ఇంటరప్ట్‌ది, తోక మెయిన్‌ది, ఒకరి జోలికి ఒకరు పోరు. అంత అందమైన పద్ధతిని పాట కట్టినాయన వదులుకుంటారా?

బొబ్బిలి: 8086 ప్రాసెసర్‌లో మెమరీలో ఉన్న లెక్కని ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో తగ్గించొచ్చండీ, దాని మధ్యలోకి ఇంటరప్ట్ దూరదు. నేను అలాగే రాసీవాణ్ణి.

పార్వతీపురం: ఎవరూ మాత్రలు లెక్కెట్టలేదు! తోక 3, తలనీ 4, తాకి 3, తేనో 4. గురజాడవారి ముత్యాల సరం నడక ఇది, విజినగరం మాస్టారు కదా మరి. తాకితేనో, తాకబోతే రెండూ 7 మాత్రలే, కాబట్టి ఛందస్సు మీ తగువు తీర్చదు.

రాజాం: నడక అదేగానీ సరం కాదండీ. సరానికి మొదటి మూడు పాదాలూ 14 మాత్రలుండాలి, ఇక్కడ 14, 7, 14, 7. అయినా ఆ 3, 4 నడక చెవిలో పడితే ఇంక వదలదు, గురజాడ గొప్పతనం అక్కడుంది, పండితుడి ఛందస్సు పనిచేసుకునేవాడి నోటికి అందింది.

పలాస: నా అనుమానం వేరు. తొట్టి కాదు, గాబు అయ్యుంటాది. గాబు కూడా 3 మాత్రలే. సీరియల్ పోర్టులో అక్షరాలు అందుకునే 8250 చిప్పు చెంబులాంటిది, ఒక్క అక్షరమే నిలుస్తాది, 9600 బాడ్ వేగం దగ్గర సెకనుకి 960 దాకా వస్తాయి, మిల్లీసెకను ఏమరితే ముందుదాని మీద తర్వాతది పడిపోతాది. అందుకే చెంబు చెంబూ గాబులో పోసుకోవాలి. తర్వాత 16550ఏ చిప్పు వచ్చినాక అదే 16 చెంబులైంది. మా ఇంట నీళ్లకి గాబే, తొట్టి పశువులకి.

పార్వతీపురం: తోక, తల, తాక, తొట్టి. ఆ "త" వరసంతా వదిలేసి గాబంటారేటండీ!

విజయనగరం: గాబు అనగానే మాస్టారి గొంతు వినపడినట్టైంది... పలాస బాబూ, ఇప్పుడు రెండోదీ అనుమానమైపోయింది నాకు. మా ఫ్రెండుకి మళ్లీ ఫోన్ చేస్తాను.