ఒంటిపూట డ్యూటీ చేస్తున్నదని ముందు ఆమెనే తీసెయ్యాల్నా?

మిర్యాలగూడ అమ్మ:
మిర్యాలగూడల ఒక రైస్‌మిల్లు ఆఫీసుల ఆరేండ్ల సంది లెక్కలు చూస్తున్న. కాంటా చీటీలు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ల ఎక్కించుడు, హమాలీల కూలి, జీఎస్టీ రిటర్నులు అన్నీ నా చేతి మీదనే నడిచినయి. పాప పుట్టినంక 26 వారాల సెలవు అయిపోగొట్టుకొని డ్యూటీల చేరిన. చంటిపిల్ల ఉన్నదని చెప్తే సేటు ఒంటిపూట రమ్మన్నడు. జీతం 16,000 నుంచి 8,000 చేసిండు, ఒప్పుకున్న. ఇప్పుడు మిల్లు గిట్టుబాటు అయితలేదు, ఆఫీసుల ఒక్కరు చాలంటున్నడు. ఉంచుకునేది నా సెలవుల నా జాగల పెట్టుకున్న పిల్లగాడిని. "నువ్వు ఎట్లయినా సగం పూటే కదమ్మా, రాజీనామా రాసియ్యి, ఒక నెల జీతం ఇస్త" అంటున్నడు. ఇది న్యాయమేనా?

వేములపల్లి మిల్లర్:
చెల్లె, నాది చిన్న మిల్లు, సేటు బాధ కూడ వినాలె. యాసంగి వడ్లు దిగే రోజుల్ల లారీలు పొద్దుమూకినంక వస్తయి. అప్పుడు కాంటా కాడ చీటీ రాసే మనిషి లేకుంటే డ్రైవర్లు, హమాలీలు అందరు ఆగిపోతరు. ఇద్దరిల ఒక్కరినే ఉంచుకోవాల్సి వస్తే దినమంతా ఉండేటోన్ని ఉంచుకుంటరు. ఒంటిపూట ఇయ్యాలని ఏ చట్టంల లేదు, ఆయన మంచితనంగ ఇచ్చిండు. 26 వారాల జీతం భారం కూడ ఓనరు మీదనే పడుతది.

హుజూర్‌నగర్ యూనియన్:
అన్నా, ఒంటిపూట హక్కు కాదన్నది నిజమే. జీతం భారం మాట మాత్రం ఒప్పుకోను. మిల్లు ఈఎస్ఐ (కార్మికుల సర్కారు బీమా) కడుతుంటే 21,000 లోపు జీతమున్నోళ్ల ప్రసూతి డబ్బులు ఈఎస్ఐయే ఇస్తది, ఓనరు కాదు.

అక్కా, ముందుగాల ఒక్కటి: రాజీనామా రాయకు. రాస్తే నీ అంతట నువ్వే మానేసినట్టయితది. నోటీసు, పరిహారం అన్నీ పోతయి. పని లేదని తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటరు. నెల ముందు రాతపూర్వకంగ నోటీసియ్యాలె, లేదా ఆ నెల జీతమియ్యాలె. అది కాక చేసిన ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం. ఒంటిపూటోళ్లకు ఇది వర్తించదని ఎవరన్న అంటే నమ్మకు. ఒక బీమా సంస్థల పార్ట్‌టైమ్‌గ ఊడ్చే పని చేసినాయన కేసుల, పార్ట్‌టైమ్ అయినా కార్మికుడే అని సుప్రీంకోర్టు 2008లనే చెప్పింది.

ఇగ అసలు సంగతి. ఒకే తీరు పని చేసేటోళ్లల్ల ఆఖరుకు చేరినోళ్లను ముందు తియ్యాలె. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంల ఉన్న ఈ సూత్రమే 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల కూడ ఉన్నది. ఆ పిల్లగాడు నీ తర్వాత వచ్చినోడే గద?

వేములపల్లి మిల్లర్:
కారణం రాసి పెడితే ఆ వరుస తప్పొచ్చు, అది కూడ చెప్పు తమ్మీ. "పూర్తి పూట మనిషి కావాలె" అన్నది కారణం కాదా? ఆ పిల్లగానికి కూడ ఇల్లు గడవాలె గద.

హుజూర్‌నగర్ యూనియన్:
కారణమే. కని పూర్తి పూట మనిషే కావాలంటే ఆరేండ్లు చేసినామెను ముందు "దినమంతా వస్తవా" అని అడగాలె. ఆమె రానంటే అప్పుడు మాట్లాడుదం. అడగకుండనే తీసేస్తే, పని కోసం తీసినట్టు కాదు, బిడ్డను కన్నందుకు తీసినట్టే.

మిర్యాలగూడ అమ్మ:
అడగలే అన్నా. పాపను చూసుకుంటనని మా అత్తమ్మ నెల కిందనే చెప్పింది. దినమంతా చేస్తనని నేనే చెప్పబోతుంటే గీ మాట చెప్పిండు.

పాలమూరు టీచరమ్మ:
నాది మహబూబ్‌నగర్. ప్రైవేటు బడిల నాకు ఇట్లనే అయింది, కని టీచర్లు ఆ 1947 చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లనే తేల్చింది. నాకు ఆ పరిహారం రాలె. నీకు దారి ఉన్నది చెల్లె, వదులుకోకు.

పూర్తి పూట ఒప్పుకునేటప్పుడు కూడ జాగ్రత్త. మధ్యల పోయి పాలియ్యనీయకుండ సతాయించి, నీ అంతట నువ్వే మానేసేటట్టు చేస్తరు. పాపకు 15 నెలలు నిండేదాక రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం నీ హక్కు. శిశుగృహం, అంటే పని కాడ పిల్లలను చూసుకునే జాగ, మాత్రం 50 మంది పనిచేసే కాడనే పెట్టాలె, అది మీ మిల్లుకు రాకపోవచ్చు.

హుజూర్‌నగర్ యూనియన్:
నాకు కడుపు రగిలేది ఇంకోటున్నది. పరిహారం లెక్క ఆఖరు మూడు నెలల సగటు జీతం మీద కడతరు. అక్క ఏండ్ల తరబడి పూర్తి పూట చేసింది, సగం జీతం నిన్నమొన్నటిది. అయినా ఆరేండ్లకు లెక్క కడితే 48,000 రావాల్సింది 24,000 అయితది. గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు చేసిన ఏండ్లకు ఇచ్చే డబ్బులు, కూడ ఆఖరు జీతం మీదనే. చట్టంల ఈ బొక్క ఉన్నది గనుక, మాట్లాడేటప్పుడు పూర్తి జీతం మీదనే అడగాలె.

వేములపల్లి మిల్లర్:
పూర్తి పూట వస్తవా అని అడగకపోవుడు తప్పే, సేటు అడగాల్సింది. కని సగం జీతమిచ్చి పూర్తి జీతం మీద పరిహారమంటే ఏ ఓనరు ఇస్తడు? ఇట్ల గుంజితే రేపు ఒంటిపూట అడిగినోళ్లకు ఎవరూ ఇయ్యరు, ఆడోళ్లనే పనిల పెట్టుకోరు.

హుజూర్‌నగర్ యూనియన్:
ఆ బెదిరింపు నేను ప్రతి హక్కు కాడ విన్న అన్నా. కనీస వేతనమప్పుడు అన్నరు, పీఎఫ్ అప్పుడు అన్నరు. మిల్లులు నడుస్తనే ఉన్నయి.

మిర్యాలగూడ అమ్మ:
రాజీనామా రాయ. దినమంతా చేస్తనని కాయితం మీద రాసి ఇస్త, ఒక కాపీ మీద తీసుకున్నట్టు సంతకం అడుగుత.

పాలమూరు టీచరమ్మ:
సంతకం పెట్టకుంటే రిజిస్టర్ పోస్టుల పంపు. మాట వినకుంటే లేబర్ ఆఫీసుకు పో. వకీలు ఖర్చుకు భయపడకు, నల్గొండ కోర్టుల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటది, ఆడోళ్లకు ఆదాయంతోని పని లేకుండ ఉచితంగ వకీలును పెడుతరు. పాత జీతం చీటీలు, ఈఎస్ఐ నంబరు, ఒంటిపూట రమ్మన్న వాట్సాప్ మెసేజ్ ఇయ్యాల్నే ఫొటోలు తీసి పెట్టుకో. నోటీసు చేతికొచ్చినంక ఆఫీసు కంప్యూటర్ ముట్టనియ్యరు.