‘పురోగతి లేని మనుగడ’: ఈ మాటకు సరైన తెలుగు చెప్పండి

ప్రశ్న అడిగిన సభ్యురాలు, ఖమ్మం:

పెద్దలందరికీ నమస్కారం. మా పెదనాన్నకు కిడ్నీ క్యాన్సర్. ఒక కిడ్నీ తీసేశారు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి. ఒక కొత్త మందు ట్రయల్‌లో చేరతారా అని ఆసుపత్రిలో అడిగి, ఇంటికెళ్లి చదువుకోమని తెలుగులో కాగితాలు ఇచ్చారు. అందులో ఈ వాక్యం ఉంది: "ఈ అధ్యయనం ముఖ్య ఉద్దేశం పురోగతి లేని మనుగడను కొలవడం."

పెదనాన్న పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. కాగితం చేతికిస్తే ఒక్క అక్షరం వదలరు. ఆ వాక్యం దగ్గర కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "బాగుపడేది లేదట. ఊరికే ఎన్నాళ్లు బతికుంటానో లెక్కేసుకుంటారట" అన్నారు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

ఇంగ్లీషు కాగితం తెప్పించి చూస్తే అది ‘ప్రోగ్రెషన్ ఫ్రీ సర్వైవల్’. అక్కడ ప్రోగ్రెషన్ అంటే జబ్బు ముందుకు పోవడం. అది లేకపోతే మనకు మంచిదే కదా! తెలుగులోకి వచ్చేసరికి మొత్తం తిరగబడింది. నేను ‘వ్యాధి వృద్ధి రహిత జీవితకాలం’ అని రాసి చూశాను, నాకే నచ్చలేదు. దీన్ని ఎలా రాయాలి?

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి:

అమ్మా, చదివి మనసు కలుక్కుమంది. ‘పురః’ అంటే ముందు, ‘గతి’ అంటే నడక. మాట పుట్టుక చూస్తే అనువదించినవారు తప్పు చేయలేదు. వాడుక చూస్తే మాత్రం పూర్తిగా తప్పు. పిల్లవాడి చదువులో పురోగతి ఉంటుంది, వంతెన పనిలో పురోగతి ఉంటుంది. పురోగతి ఎప్పుడూ మనం కోరుకునేదే. జబ్బుకు దాన్ని అంటగట్టకూడదు.

జబ్బు ముదురుతుంది. ఎంత చక్కని క్రియో చూడండి. బెండకాయ ముదురుతుంది, బెల్లం పాకం ముదురుతుంది, ఇద్దరి మధ్య గొడవ ముదురుతుంది. లేతగా ఉన్నది, ఇంకా మన చేతిలో ఉన్నది, మెల్లగా చేయి దాటడమే ముదరడం. ఇక ‘రహిత’తో పనేముంది? ‘కుండా’ అనే ప్రత్యయం మనకు ఉంది. ‘జబ్బు ముదరకుండా గడిచిన కాలం’ అనండి. ఏ ఊళ్లోనైనా అర్థమవుతుంది.

ట్రయల్స్ గణాంకాల పనిచేసే సభ్యుడు, హైదరాబాద్:

మాస్టారూ, ‘కుండా’ వాడమన్నది చాలా బాగుంది. కానీ మేం లెక్కకట్టేది సరిగ్గా ఏమిటో చెబితే మాట ఇంకా కుదురుతుంది.

మొదటిది, ఈ లెక్కలో మరణం కూడా కలిసి ఉంది. జబ్బు పెరిగినట్టు తేలడం, ప్రాణం పోవడం, ఈ రెండింటిలో ఏది ముందైతే అక్కడ గడియారం ఆగుతుంది. ‘గడిచిన కాలం’ అంటే ఆ సంగతి రాదు. ‘ప్రాణాలతో’ అన్న మాట ఉండాలి.

రెండోది, ‘ముదరడం’ మాకు కొలత. రెసిస్ట్ అనే పద్ధతి ఉంది. 2000లో వచ్చింది, 2009లో సవరించారు. మొదటి స్కాన్‌లో కొలవడానికి వీలైన గడ్డలను, ఒక అవయవంలో రెండుకు మించకుండా, మొత్తం ఐదు వరకు ఎంచుకుని వాటి అడ్డుకొలతలు కూడతారు. ఆ మొత్తం కనీసం 30 శాతం తగ్గితే ‘పాక్షిక స్పందన’. చికిత్స మొదలయ్యాక చేరిన అతి తక్కువ మొత్తం నుంచి 20 శాతం పెరిగితే, ఆ పెరుగుదల కనీసం 5 మిల్లీమీటర్లు ఉంటే, ‘ప్రోగ్రెషన్’. కొత్త గడ్డ పుట్టినా అంతే.

ఒక లెక్క చూడండి. మొదట మొత్తం 100 మిల్లీమీటర్లు. మందు పనిచేసి 60కి వచ్చింది. తర్వాత 72 అయింది. మొదటికన్నా ఇంకా చిన్నగానే ఉంది, అయినా మా పుస్తకంలో ప్రోగ్రెషన్ రాసేస్తాం. దీన్ని ‘ముదిరింది’ అనవచ్చా?

స్టాఫ్ నర్సు, కరీంనగర్:

అనకూడదు సార్. మాస్టారుగారు ఏమీ అనుకోకండి. మా వార్డులో ‘ముదిరింది’ అంటే ఇంటివాళ్లు చేయగలిగిందేమీ లేదని అనుకుంటారు. ఆ మాట వినగానే ఏడుపు మొదలవుతుంది, ఊళ్లో చుట్టాలకు ఫోన్లు పోతాయి. పైన చెప్పిన 60 నుంచి 72 మనిషి హాయిగా నడుచుకుంటూ ఓపీకి వచ్చిన రోజునే తేలవచ్చు. అప్పుడు డాక్టర్లు మందు మారుస్తారు, అంతే. ‘పెరిగింది’ అంటే చాలు. ఎంత పెరిగిందని వాళ్లే అడుగుతారు, అప్పుడు చెప్పడానికి వీలుంటుంది. ముదిరిందన్నాక ఎవరూ ఎంత అని అడగరు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి:

అనుకోవడమేంటి తల్లీ, మీరు చెప్పిందే సబబు. నా మాటలో తీర్పు ఉంది, మీ మాటలో కొలత ఉంది. రోగి చేతికిచ్చే కాగితంలో తీర్పు ఉండకూడదు. ‘జబ్బు పెరగకుండా ప్రాణాలతో ఉన్న కాలం’ అందాం. సమాసం కాకపోతే పోనివ్వండి. ఐదు మాటలైనా పర్వాలేదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు, ఖమ్మం:

అందరికీ కృతజ్ఞతలు. ఇది చదివితే పెదనాన్న ముఖం వేరేగా ఉంటుంది. ఇంకో సందేహం. అదే కాగితంలో "పాత మందుతో మధ్యస్థ మనుగడ 26 నెలలు" అని ఉంది. పెదనాన్న క్యాలెండర్ తీసి నెలలు లెక్కపెట్టారు. ఆ మాటను ఎలా చెప్పాలి తమ్ముడూ?

ట్రయల్స్ గణాంకాల పనిచేసే సభ్యుడు, హైదరాబాద్:

అక్కా, ముందు ఆ క్యాలెండర్ మూసేయమనండి. అది సగటు కాదు, ఎవరికీ గడువూ కాదు. పదో తరగతి లెక్కల్లో ‘మధ్యగతం’ చదువుకున్నాం కదా, అది. చికిత్స మొదలైన వంద మందిని వరసగా చూస్తే, సగం మంది 26 నెలలలోపు, మిగతా సగం ఆ తర్వాత. ఆ తర్వాత సగంలో మూడేళ్లు, ఐదేళ్లు, ఇంకా ఎక్కువ ఉన్నవాళ్లు ఉంటారు. ‘26 నెలలు’ అని కాకుండా ‘సగం మంది 26 నెలలు దాటి ఉన్నారు’ అని రాస్తే అంకె అదే, అర్థం అందుతుంది.

ఆ 26 ఎక్కడిదో కూడా చెబుతాను. 2018లో వెలువడిన చెక్‌మేట్ 214 ట్రయల్‌లో, ముప్పు మధ్యస్థంగా లేదా ఎక్కువగా ఉన్న రోగుల్లో, పాత మందు సునిటినిబ్ తీసుకున్నవారి మధ్యగతం 26 నెలలు. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు మందులు కలిపి ఇచ్చినవారి గడిలో ‘నాట్ రీచ్డ్’ అని ఉంది. దీన్ని ‘చేరుకోలేదు’ అని తెలుగు చేసిన కాగితం నేను చూశాను. చదివినవాళ్లు మందు ఓడిపోయిందనుకుంటారు. నిజానికి అది శుభవార్త. అప్పటికి సగానికి పైగా ప్రాణాలతో ఉన్నారు కాబట్టి సగం గీత ఇంకా రాలేదని దాని అర్థం. ‘సగానికి పైగా ఇంకా ఉన్నారు’ అంటే సరిపోతుంది.

ఏ కాలాన్ని కొలుస్తున్నామో మాటలో స్పష్టంగా ఉండాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం కిడ్నీ క్యాన్సరే. 2007లో సునిటినిబ్‌ను ఇంటర్‌ఫెరాన్ అనే అంతకుముందు మందుతో పోల్చారు. జబ్బు పెరగని కాలం 11 నెలలు, 5 నెలలు. రెట్టింపుకు పైనే! మొత్తం బతికిన కాలం చూస్తే 26.4, 21.8. తేడా అంత పెద్దది కాదు. ఇంటర్‌ఫెరాన్ వాళ్లు కూడా జబ్బు పెరిగాక కొత్త మందులకు మారడం అందుకు ఒక కారణం. 2015లో నివోలుమాబ్‌ను ఎవెరోలిమస్ అనే మరో మందుతో పోలిస్తే తలకిందులైంది. జబ్బు పెరగని కాలం 4.6, 4.4 నెలలు, దాదాపు ఒకటే. బతికిన కాలం మాత్రం 25, 19.6. మొదటి కొలతే చూసి ఉంటే ఆ మందుతో లాభం లేదనుకునేవాళ్లం. అందుకే రెంటినీ ‘మనుగడ’ అనే ఒక్క మాటతో కలిపేయకండి.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి:

‘మనుగడ’ నాకు ఇష్టమైన మాటే కానీ పులుల మనుగడ, భాష మనుగడ అంటాం. మనిషికి ‘బతికిన కాలం’ చాలు. ‘స్పందన’ గురించి ఒక మాట. మన ఇళ్లలో "మందు గుణం ఇచ్చింది" అంటాం. రెస్పాన్స్‌కు ‘గుణం’ అనకూడదా?

స్టాఫ్ నర్సు, కరీంనగర్:

గుణం అంటే పేషెంట్‌కు హాయి అనిపించడం కదా మాస్టారూ. స్కాన్‌లో గడ్డ తగ్గినా వాంతులు, అరికాళ్ల మంటలతో నడవలేనివాళ్లు ఉంటారు. వాళ్లకు గుణం వచ్చిందని చెబితే, నీకేం తెలుసన్నట్టు చూస్తారు. ‘గడ్డ తగ్గింది’ అనండి. ‘పూర్తి స్పందన’ అన్నచోట ‘స్కాన్‌లో గడ్డ కనిపించడం లేదు’ అనండి, ‘నయమైంది’ అనకండి. తర్వాత తిరగబెడితే మన మాట మీద నమ్మకం పోతుంది.

ఇంకోటి. కేసు షీటులో ‘పేషెంట్ ఫెయిల్డ్ సునిటినిబ్’ అని రాస్తారు. దాన్ని ఒకాయనకు ఎవరో ‘మీరు మందుకు ఫెయిల్ అయ్యారు’ అని చెప్పారు. పరీక్ష తప్పిన పిల్లాడిలా తల దించుకున్నాడు. మందు పనిచేయలేదు, అంతే. తప్పిందెవరో క్రియ చెప్పాలి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు, ఖమ్మం:

నిన్న రాత్రి కూర్చుని ఇలా తిరగరాశాను: "ఎవరికి ఏ మందో నిర్ణయమైన రోజు నుంచి, జబ్బు పెరగకుండా ప్రాణాలతో ఎంత కాలం ఉన్నారో చూస్తాం. స్కాన్‌లో పెరిగినట్టు తేలినా, ప్రాణం పోయినా ఆ లెక్క అక్కడ ఆగుతుంది."

పెదనాన్న రెండుసార్లు చదివారు. "ఇది తెలుగు" అన్నారు. తర్వాత ఒకటి అడిగారు, నాకు జవాబు తెలియలేదు: "అంతా ఫొటోలు చూసి కొలుస్తున్నారు. నా ఒంట్లో ఎలా ఉందో నన్నెవరూ అడగరా?"

ట్రయల్స్ గణాంకాల పనిచేసే సభ్యుడు, హైదరాబాద్:

అడుగుతారని చెప్పండి అక్కా. కిడ్నీ క్యాన్సర్‌కే ఎఫ్‌కేఎస్‌ఐ-19 అని పంతొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. రోగే నింపాలి. ఆ జవాబులు ఎంత ముఖ్యమో చూడండి. సునిటినిబ్, పజోపనిబ్ రెండూ జబ్బును ఇంచుమించు ఒకేలా ఆపుతాయని 2013లో తేలింది. ఆ రెంటినీ ఒకే రోగులకు ఒకదాని తర్వాత ఒకటి, ఏది ఎప్పుడో చెప్పకుండా ఇచ్చి, ఏది కావాలని అడిగితే 70 శాతం పజోపనిబ్ అన్నారు, 22 శాతం సునిటినిబ్. అది ఏ స్కాన్‌లోనూ కనబడదు.

మన చిక్కు మళ్లీ భాషే. అలాంటి పత్రాల్లో ‘ల్యాక్ ఆఫ్ ఎనర్జీ’ అనే ప్రశ్న ఉంటుంది. ‘శక్తి లోపించింది’ అని రాస్తే ఎవరూ అలా మాట్లాడరు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి:

‘ఒంట్లో ఓపిక లేదు.’ మా వైపు ఇంతకుమించిన మాట లేదు. ‘ఒంట్లో’ మాత్రం వదలకండి. ఉత్త ‘ఓపిక లేదు’ అంటే సహనం లేదనుకునే ప్రమాదం ఉంది.

స్టాఫ్ నర్సు, కరీంనగర్:

మా దగ్గర ‘శాతనైతలేదు’ అంటారు మాస్టారూ. ఓపిక లేదంటే మా ముసలివాళ్లలో కొందరికి కోపమనే తోస్తుంది. పత్రం అచ్చు వేసేముందు తెనాలిలో పదిమందికి, కరీంనగర్‌లో పదిమందికి చదివి వినిపించి, ఏమర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించాలి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు, ఖమ్మం:

మా ఇంట్లో రెండూ అంటాం. శుక్రవారం ఆసుపత్రికి వెళ్తున్నాం. ఈ వాక్యాలు ప్రింట్ తీసి డాక్టరుగారికి ఇస్తాను. కాగితం మారుస్తారో లేదో వచ్చి ఇక్కడే రాస్తాను.